గడువు లేని రోజు: పాత డిస్నీ టికెట్లకు కొత్త టికెట్లు

వినోద పార్కు టికెట్టును సాధారణంగా ఆ పూటకు కొని ఆ పూటకే చింపి పారేసే కాగితంగా భావిస్తారు గానీ, అమెరికాలోని డిస్నీ పార్కుల విషయంలో ఈ భావన పూర్తిగా నిజం కాదు. నలభై, యాభై ఏళ్ల కిందట అచ్చయి, వాడకుండా మిగిలిపోయిన టికెట్లు నేటికీ బీరువా అరల్లోనూ, పాత ఫొటో ఆల్బమ్‌ల మధ్యనూ బయటపడుతూనే ఉంటాయి. వాటిని పట్టుకుని పార్కు ద్వారం దగ్గరి కౌంటరుకు వెళ్లినవారిలో కొందరు కొత్త టికెట్టుతో లోపలికి నడుస్తారు, మరికొందరు కొత్త టికెట్టు ధరలో ఒకటి రెండు డాలర్ల తగ్గింపుతో సరిపెట్టుకుంటారు, ఇంకొందరు ఏమీ దక్కక వెనుదిరుగుతారు. ఈ తేడా కౌంటరులో కూర్చున్న ఉద్యోగి దయాదాక్షిణ్యాల మీద ఆధారపడినట్టు పైకి కనిపించినా, దాని అసలు కారణం ఆ టికెట్టు అమ్మిన కాలంలో కంపెనీ కొనుగోలుదారుకు ఏ రకమైన మాట ఇచ్చిందన్న దానిలో ఉంది. కొన్ని టికెట్లు ఇంత డబ్బు అని మాట ఇచ్చాయి, కొన్ని పార్కులో ఒక రోజు అని మాట ఇచ్చాయి. ధాన్యం కొలతలో రాసుకున్న అప్పుకూ రూపాయల్లో రాసుకున్న అప్పుకూ కరువు కాలంలో ఎంత తేడా వస్తుందో, ధరలు ఏటేటా పెరిగే ఈ పార్కుల్లో ఆ రెండు మాటలకూ అంతే తేడా వస్తుంది.

కాలిఫోర్నియా రాష్ట్రంలోని అనాహైమ్‌లో 1955 జూలై 17న డిస్నీల్యాండ్ ప్రారంభమైనప్పుడు నేటి పద్ధతిలో అన్నిటికీ కలిపి ఒకే టికెట్టు ఉండేది కాదు. పెద్దవారు లోపల అడుగు పెట్టడానికి ఒక డాలరు ఇవ్వాలి, ఆ తరువాత ఎక్కే ప్రతి రైడుకూ, అంటే బండి, పడవ, రంగులరాట్నం వంటి ప్రతి ఆటకూ 10 నుంచి 35 సెంట్ల వరకు విడివిడిగా చెల్లించాలి. ప్రతి ఆట దగ్గరా చిల్లర లెక్కపెట్టుకోవడం సందర్శకులకూ సిబ్బందికీ చికాకుగా మారడంతో, అదే ఏడాది అక్టోబరులో టికెట్టు పుస్తకాలు వచ్చాయి. ప్రవేశ టికెట్టుతో పాటు ఏ, బి, సి అనే మూడు తరగతుల కూపన్లను కలిపి కుట్టిన చిన్న పుస్తకాలివి. 1956లో డి తరగతి చేరింది. మాటర్‌హార్న్ మంచుకొండ రైడు, జలాంతర్గామి యాత్ర, మోనోరైలు ఒకేసారి మొదలైన 1959లో అన్నిటికంటే ఖరీదైన ఇ తరగతి చేరింది. మెయిన్ స్ట్రీటు మీద నడిచే గుర్రపు బండి వంటి చిన్న సరదాలు ఏ తరగతిలో ఉండగా, జనం గంటల తరబడి వరుసల్లో నిలబడే పెద్ద ఆకర్షణలు ఇ తరగతిలో ఉండేవి. ఆ అక్షరానికి ఎంత పేరు వచ్చిందంటే, 1983లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి అమెరికన్ మహిళ శాలీ రైడ్ తన ప్రయాణ అనుభవాన్ని వర్ణించడానికి డిస్నీల్యాండ్ ఇ టికెట్టునే గుర్తు చేసింది.

పాత కూపన్లు నేటికీ ఇన్ని మిగిలి ఉండటానికి ఈ తరగతుల విభజనే కారణం. పుస్తకం కొన్న కుటుంబం ముందుగా ఇ కూపన్లను, వాటి వెంట డి కూపన్లను ఖర్చు చేసేది, సాయంత్రానికి పిల్లలు అలసిపోయే వేళకు ఏ, బి కూపన్లు చేతిలో మిగిలేవి, వాటిని మళ్లీ వచ్చినప్పుడు వాడుకోవచ్చన్న ఆశతో ఇంటికి తీసుకుపోయేవారు. ఫ్లోరిడాలోని ఓర్లాండో సమీపంలో 1971 అక్టోబరు 1న వాల్ట్ డిస్నీ వరల్డ్ తెరుచుకున్నప్పుడు అక్కడి మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులోనూ ఇదే పద్ధతి నడిచింది గనుక, రెండు తీరాల్లోనూ ఇలాంటి మిగులు పేరుకుపోయింది. కానీ ఇతర పార్కులు అప్పటికే వేరే దారి పట్టాయి: 1961లో మొదలైన సిక్స్ ఫ్లాగ్స్ ఓవర్ టెక్సస్ ఒకే ధర కట్టి లోపలి రైడ్లన్నీ ఎక్కే పద్ధతిని ఆచరించి చూపింది. డిస్నీ కూడా 1982లో టికెట్టు పుస్తకాలను విరమించి, పాస్‌పోర్ట్ అన్న పేరుతో ఒకే ధర ప్రవేశ పత్రానికి మారింది. దాంతో దేశమంతటా ఇళ్లలో మిగిలిపోయిన కూపన్లకు ఎక్కేందుకు రైడు లేకుండా పోయింది.

ఈ కూపన్ల విషయంలో కంపెనీ తీసుకున్న వైఖరి న్యాయమైనదే గానీ ఉదారమైనది మాత్రం కాదు. వాడని కూపను మీద అచ్చయిన ధరను, అంటే దాని ముఖ విలువను, కొత్త ప్రవేశ టికెట్టు ధరలో తగ్గించి లెక్కకట్టడం ఆనవాయితీగా వస్తోంది. మొదట్లో ఇ కూపను విలువ 50 సెంట్లు, చివరి రోజుల్లో సైతం అది ఒక డాలరుకు చేరలేదు. ఏ కూపనుదైతే కొద్ది సెంట్లు మాత్రమే. 2024 చివర్లో డిస్నీల్యాండ్ ఒక రోజు టికెట్టు ధర, రద్దీని బట్టి, 104 డాలర్ల నుంచి 206 డాలర్ల దాకా పలికింది కాబట్టి, పాత పుస్తకంలో మిగిలిన కూపన్లన్నీ ఏరి తెచ్చినా మధ్యాహ్నం ఒక కాఫీ ఖర్చుకు సరిపోతే గొప్ప. 1960లలో ఆ కూపను ఒక పిల్లవాడిని ఒక రైడు ఎక్కించగలిగేది. నేడు అది ఆ రైడును కాక ఆ నాటి సెంట్లను మాత్రమే తిరిగి ఇస్తుంది. అందుకే వీటిని కౌంటరులో ఇచ్చి మార్చుకునేవారికంటే పాత వస్తువుల సేకరణకర్తలకు అమ్ముకునేవారికే ఎక్కువ లాభం కలుగుతుంది. ముఖ్యంగా చెక్కుచెదరని ఇ కూపన్లను సేకరణకర్తలు ముఖ విలువకు ఎన్నో రెట్లు ఇచ్చి కొంటారు. కూపనును కౌంటరులో ఇచ్చేవారు అది మళ్లీ తిరిగి రాదన్న సంగతి గ్రహించి ఇవ్వడం మంచిది.

ఒకే ధర పాస్‌పోర్టు వచ్చిన తరువాత పరిస్థితి పూర్తిగా తారుమారైంది, ఎందుకంటే ఈసారి కంపెనీ అమ్మింది సెంట్లలో కొలిచే రైడును కాదు, పార్కులో గడిపే ఒక నిండు రోజును. 1982 అక్టోబరు 1న ఎప్‌కాట్ తెరుచుకోవడంతో ఫ్లోరిడా ప్రాంగణంలో రెండు పార్కులయ్యాయి. 1989లో డిస్నీ ఎమ్‌జీఎమ్ స్టూడియోస్, 1998లో యానిమల్ కింగ్‌డమ్ చేరి నాలుగయ్యాయి. ఒక్క రోజులో చూసి ముగించలేని విస్తారం కనుక, మూడు, నాలుగు, అయిదు రోజుల టికెట్లను, ఒకే రోజులో ఒక పార్కు నుంచి మరో పార్కుకు మారే సౌకర్యమున్న పార్క్ హాపర్ టికెట్లను కంపెనీ అమ్మింది. వీటి విశేషమేమిటంటే, వాడకుండా మిగిలిన రోజులకు గడువు లేదు. అయిదు రోజుల టికెట్టు కొని మూడు రోజులు తిరిగి ఇంటికి వెళ్లినవారు, మిగిలిన రెండు రోజులను పదేళ్ల తరువాత వచ్చి వాడుకున్నా అభ్యంతరం లేదని ఆ టికెట్ల షరతులే చెప్పేవి. సందర్శకుడిని మళ్లీ రప్పించే ఎరగా ఆ రోజుల్లో అది కంపెనీకి లాభసాటిగానే తోచి ఉండాలి. 1990లో పక్కనే యూనివర్సల్ స్టూడియోస్ తెరుచుకుని సందర్శకుల సెలవుల్లో వాటా అడగడం మొదలుపెట్టిన తరువాత, చేతిలో మిగిలిన డిస్నీ రోజు ఒకటి ఉండటం ఆ సందర్శకుడిని తమ వైపు లాగుతుందన్న ఆలోచన కూడా అసంబద్ధమైనదేమీ కాదు.

అయితే ఆ వాగ్దానంలో ఒక చిక్కు దాగి ఉంది. టికెట్టు ధర ఎంత పెరిగినా పాత టికెట్టులోని రోజు తరిగిపోదు. 1982లో 15 డాలర్లు పలికిన రోజు ఇప్పుడు అంతకు పది రెట్లకు అటూ ఇటూగా పలుకుతుండగా, అప్పుడు కొనిపెట్టుకున్నవారు ఒక్క సెంటు కూడా అదనంగా కట్టకుండా లోపలికి వెళ్లగలరు. కంపెనీ వైపు నుంచి చూస్తే, ముందే డబ్బు పుచ్చుకుని ఇంకా సేవ చేయని ఈ రోజులన్నీ బాకీలే. అకౌంటింగ్‌లో వీటిని వాయిదా పడిన ఆదాయం అంటారు, అంటే చేతికి వచ్చినా ఇంకా సంపాదించినట్టు లెక్కలో రాయకూడని డబ్బు. డిస్నీ సంస్థ తన వార్షిక నివేదికల్లో టికెట్టును వాడుకున్నప్పుడే ఆ ఆదాయాన్ని గుర్తిస్తామని ప్రకటిస్తుంది. ఏనాడు వాడతారో తెలియని లక్షల రోజులను మోస్తూ పోవడం ఏ వ్యాపారికీ ఇష్టంగా ఉండదు.

అందుకే 2005 జనవరి 2న ఫ్లోరిడాలో మ్యాజిక్ యువర్ వే అనే కొత్త టికెట్టు పద్ధతి అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం మొదటి వాడకం జరిగిన తరువాత 14 రోజుల్లో టికెట్టు గడువు తీరిపోయేది; గడువు లేకుండా ఉంచుకోదలచినవారు అందుకు వేరుగా రుసుము కట్టాల్సి వచ్చేది. రోజుల సంఖ్య పెరిగేకొద్దీ రోజుకు పడే ధర బాగా తగ్గేలా నిర్ణయించడంతో, సెలవు మొత్తం డిస్నీలోనే గడపాలన్న కోరిక సందర్శకుల్లో పెరగడమే కాక, మిగులు రోజుల సంఖ్యా తగ్గింది. గడువు రద్దు చేసే ఆ ఐచ్ఛిక సౌకర్యాన్ని కూడా 2015 ప్రారంభంలో తీసివేశారు. 2018 అక్టోబరులో తేదీని బట్టి ధర మారే పద్ధతి వచ్చాక, టికెట్టు కొనేటప్పుడే మొదటి రోజును చెప్పాలి, దాని నుంచి లెక్కించిన కొద్ది రోజుల్లోనే దాన్ని వాడెయ్యాలి. ఉదాహరణకు నాలుగు రోజుల టికెట్టును ఏడు రోజుల కాలంలో ముగించాలి. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్ మాత్రం వేరే లెక్క పాటిస్తుంది. అక్కడ బహుళ దిన టికెట్టు మొదటి వాడకం తరువాత 13 రోజుల్లో ముగుస్తుంది. ఈ చరిత్ర అంతా చెప్పుకోవలసి రావడానికి కారణం ఒకటే: చేతిలో ఉన్న పాత టికెట్టు ఏ కాలానిదో తెలిస్తే దాని యోగ్యత సగం తెలిసినట్టే.

మార్పిడి పని జరిగే తీరు గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉంది. పాత టికెట్ల వెనుక అయస్కాంత పట్టీ ఉండేది, గేటు దగ్గరి యంత్రం దాన్ని చదివి మిగిలిన రోజుల లెక్క తేల్చేది. 2013 ప్రాంతంలో ఫ్లోరిడా పార్కుల్లో రేడియో తరంగాలతో చదివే కార్డులూ, మ్యాజిక్ బ్యాండ్ అనే మణికట్టు పట్టీలూ వచ్చి, తిరుగుడు గేట్ల స్థానంలో చేయి ఆనిస్తే వెలిగే స్తంభాలు నిలిచాయి; కనుక పాత పట్టీ కార్డును నేరుగా గేటు దగ్గర చూపించి ప్రయోజనం లేదు. దాన్ని పార్కు ముందుండే గెస్ట్ రిలేషన్స్ కౌంటరులో, అంటే సందర్శకుల సహాయ కేంద్రంలో, అప్పగించి కొత్త కార్డు తీసుకోవాలి. అక్కడి ఉద్యోగి టికెట్టు మీద అచ్చయిన వరుస సంఖ్యను కంప్యూటరులో వెతికి, ఏ రకం టికెట్టు, ఎన్ని రోజులు వాడారు, ఏ పార్కులకు హక్కు ఉంది అన్న వివరాలు చూస్తాడు. పట్టీలోని అయస్కాంతం కాలక్రమంలో చెడినా సంఖ్య చదవగలిగితే చాలు, ఆ టికెట్టు బతికే ఉన్నట్టు లెక్క. అందువల్ల ప్రయాణానికి ముందే టికెట్టు రెండు వైపులా ఫొటో తీసి పెట్టుకోవడం, అసలును చేతి సంచిలో తప్ప పెద్ద సామానులో పెట్టకపోవడం తెలివైన పని. వారసత్వంగా దొరికిన టికెట్టయినా సరే, పార్కు మొదట చూసేది ఆ టికెట్టు తీరును గానీ దాన్ని దాచిపెట్టిన వారి జ్ఞాపకాలను కాదు.

కొత్త కార్డు చేతికి వచ్చాక కూడా పాత హక్కులన్నీ అలాగే దొరుకుతాయని అనుకోకూడదు. కొన్ని పాత టికెట్లు నాలుగు పెద్ద పార్కులతో పాటు ఇతర వినోద స్థలాల ప్రవేశాన్నీ కలుపుకొని అమ్ముడయ్యేవి. వాటిలో 1976లో ప్రారంభమైన రివర్ కంట్రీ జలక్రీడా స్థలం 2001లో మూతపడింది, రాత్రి వినోదాలకు పేరుపడిన ప్లెజర్ ఐలాండ్ క్లబ్బులు 2008లో ఆగిపోయాయి. లేని చోటికి ప్రవేశ హక్కును ఎవరూ మార్చి ఇవ్వలేరు. పిల్లల టికెట్లతో ఇంకో రకమైన సమస్య వస్తుంది: డిస్నీ లెక్కలో మూడు నుంచి తొమ్మిదేళ్ల వారు పిల్లలు, పదేళ్లు నిండితే పెద్దవారు కనుక, చిన్నప్పటి టికెట్టు ఇరవయ్యేళ్లు నిండిన వాడి చేతిలో నేరుగా చెల్లదు, దాన్ని పెద్దల టికెట్టుగా మార్పించడం కౌంటరు దగ్గరే జరగాలి. తేదీ లేని పాత టికెట్లకు ముందుగా రోజును రిజర్వు చేసుకోవలసిన అవసరం కూడా ఎదురుకావచ్చు, ఎందుకంటే 2024 జనవరి నుంచి ఫ్లోరిడాలో ఆ నిబంధనను ఎత్తివేసింది ప్రధానంగా తేదీ ఉన్న కొత్త టికెట్లకే.

గడువు తీరిపోయిన కొత్త రకం టికెట్టు విషయం వేరు. ఎవరికైనా ఆరోగ్యం బాగా లేక, విమానం రద్దయి, వీసా రాక ప్రయాణం ఆగిపోవచ్చు. ఆ టికెట్టుతో ఒక్కసారి కూడా గేటు దాటకపోతే, అది తేదీ దాటాక రోజుగా చెల్లదు గానీ, దానికి చెల్లించిన మొత్తాన్ని అదే లేదా అంతకంటే ఎక్కువ ధర గల కొత్త టికెట్టు కొనుగోలులో జమ చేస్తారు. 700 డాలర్లకు కొన్న టికెట్టు పోయి, రెండేళ్ల తరువాత అదే టికెట్టు 800 డాలర్లయితే, ఆ 100 డాలర్ల తేడా సందర్శకుడే కట్టాలి. నగదు రూపంలో మాత్రం తిరిగి ఇవ్వరు. ఒక్క రోజు వాడి మిగతాది వాడకుండా గడువు దాటించినవారికి ఈ జమ సౌకర్యం లేదు, మిగిలిన రోజులు పోయినట్టే. కొవిడ్ మహమ్మారి వల్ల ఫ్లోరిడా పార్కులు 2020 మార్చి మధ్యలో మూతపడి జూలై 11 నుంచి తెరుచుకోగా, కాలిఫోర్నియా డిస్నీల్యాండ్ 2020 మార్చి 14 నుంచి 2021 ఏప్రిల్ 30 దాకా తెరుచుకోలేదు. ఆ కాలంలో మూతపడిన తేదీలకు టికెట్లు కొన్నవారి కోసం కంపెనీ గడువులు పొడిగించింది. అయితే అది తానుగా మూసిన తలుపులకు చెల్లించిన మూల్యం, మామూలు నియమం కాదు.

ఇక్కడ అమెరికా చట్టం కొనుగోలుదారుకు ఎక్కడ అండగా నిలుస్తుందన్న ప్రశ్న సహజంగా వస్తుంది, సమాధానం కొంత నిరాశపరుస్తుంది. 2009లో వచ్చిన క్రెడిట్ కార్డ్ చట్టం బహుమతి కార్డులకు కనీసం అయిదేళ్ల గడువు ఉండాలని ఆదేశించింది గానీ, ఒక నిర్దిష్ట స్థలానికి లేదా అనుబంధ స్థలాలకు ప్రవేశం కోసమే చెల్లే టికెట్లను ఆ నియమాల నుంచి మినహాయించారు. కాబట్టి గిఫ్ట్ కార్డు మీద ఉన్న రక్షణ పార్కు టికెట్టుకు వర్తించదు, టికెట్టు షరతులే ఇక్కడ దాదాపు చట్టం. పాత టికెట్ల షరతుల్లో గడువు లేదని రాసిన కంపెనీ ఆ రాతను గౌరవించడం, కొత్త టికెట్ల షరతుల్లో గడువు పెట్టిన కంపెనీ ఆ గడువును కచ్చితంగా పాటించడం, రెండూ ఒకే తర్కం నుంచి పుట్టినవి.

ఆ రాతకు కంపెనీ ఎంతవరకు కట్టుబడి ఉంటుందో 2019లో ఒక సంఘటన చూపించింది. 1985లో డిస్నీల్యాండ్ తన ముప్ఫయ్యో వార్షికోత్సవం జరుపుతూ గేటు దాటి వచ్చే సందర్శకుల్లో కొందరికి బహుమతులు పంచింది. ఆనాడు బాలికగా ఉచిత ప్రవేశ పత్రం గెలుచుకున్న కెనడా మహిళ ఒకరు, దాన్ని మూడు దశాబ్దాలకు పైగా దాచి, 2019లో అదే కాగితంతో వచ్చి చూపగా, గడువు తేదీ లేనందున కంపెనీ ఆమెకు నేటి టికెట్టు ఇచ్చి లోపలికి పంపింది. అప్పటికి డిస్నీల్యాండ్ ఒక రోజు ప్రవేశానికి 104 నుంచి 149 డాలర్లు వసూలు చేస్తోంది. ఆ పత్రానికి ఆమె చెల్లించినది శూన్యం. డబ్బుగా లెక్కకడితే దాని విలువా శూన్యమే కావాలి, రోజుగా లెక్కకట్టడం వల్లనే అది చెల్లింది. ఇటువంటి వార్తలు ప్రపంచమంతా పత్రికల్లో రావడం కంపెనీకి ఖర్చు లేని ప్రచారమని కూడా గ్రహించాలి. ఒక అదనపు సందర్శకుడి వల్ల పార్కుకు పెరిగే ఖర్చు స్వల్పం, అతను లోపల తినే తిండికీ, కొనే బొమ్మలకూ వచ్చే రాబడి అంత స్వల్పం కాదు.

పాత టికెట్లకు ఇంత విలువ ఉండటమే వాటి చుట్టూ ఒక చీకటి వ్యాపారాన్ని పెంచింది. ఓర్లాండో పక్కనున్న కిస్సిమ్మీ మీదుగా సాగే 192వ జాతీయ రహదారి అంచున, సగం వాడిన టికెట్లను చవకగా అమ్మే దుకాణాలు చాలాకాలం నడిచాయి. టైమ్‌షేర్, అంటే ఒక హోటలు గదిలో ఏడాదికి కొన్ని రోజుల వాటా కొనిపించే ప్రసంగం వినడానికి ఒప్పుకుంటే టికెట్లు ఉచితమన్న ఎర కూడా అక్కడే దొరుకుతుంది. టికెట్టు ఒకరి నుంచి మరొకరికి బదిలీ కాకూడదన్నది దాని షరతుల్లోనిదే, అలా కొంత వాడిన బహుళ దిన టికెట్లను అమ్మడాన్నీ, వ్యాపార లావాదేవీలో ఇతరులకు బదిలీ చేయడాన్నీ ఫ్లోరిడా రాష్ట్ర చట్టం నేరంగానే పరిగణిస్తుంది. మొదటి రోజు ప్రవేశించిన వ్యక్తి వేలి కొలతను టికెట్టుకు జత చేసి, తరువాతి రోజుల్లో అదే వేలితో సరిపోల్చే యంత్రాలను గేట్ల దగ్గర అమర్చడంతో, ఇతరుల టికెట్టుతో లోపలికి వెళ్లడం సాంకేతికంగానూ కష్టమైంది. వేలిముద్ర చిత్రాన్ని కాకుండా దాని నుంచి తీసిన ఒక సంఖ్యను మాత్రమే దాచుకుంటామని డిస్నీ చెబుతుంది. సగం వాడిన టికెట్టు మీద పేరు రాసి ఉన్నా లేకపోయినా, మొదట వాడినవారికి తప్ప అది మరెవరికీ చెందదు.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ చివరి నియమం తరచుగా తగులుతుంది. వేసవిలో ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులతో కలిసి ఓర్లాండో వెళ్లడానికి అందరికీ బహుళ దిన టికెట్లు కొని, ఒకటి రెండు రోజుల నడకకే పెద్దవారు మోకాళ్ల నొప్పులతో గదిలో ఉండిపోతే, వారి మిగిలిన రోజులను చిన్నమ్మ కుటుంబానికో, స్నేహితుల పిల్లలకో ఇచ్చే వీలు లేదు. గడువులోగా వారే వెళ్లి వాడాలి, లేకపోతే ఆ రోజులు పోతాయి. ప్రయాణమే జరగక పూర్తిగా వాడకుండా మిగిలిన టికెట్టుకు మాత్రం చెల్లించిన ధర జమగా దక్కుతుంది. కనుక పెద్దవారి కోసం కొనేటప్పుడు తక్కువ రోజుల టికెట్టు కొని, ఓపిక ఉంటే గడువు ముగియక ముందే రోజులు పెంచుకోవడం మేలు, ఎందుకంటే టికెట్టుకు రోజులు కలపడానికి కంపెనీ ఒప్పుకుంటుంది గానీ తగ్గించడానికి ఒప్పుకోదు.